కొసరు మామ, తిననన్న ఊసరవెల్లి

మా మేనమామ ఇంట్లో "వద్దు" అంటే "కొంచెం వెయ్యి" అని. "చాలు" అంటే "ఇంకో రెండు". విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా లాభం లేదు, వేళ్ళ సందుల్లోంచి పప్పు పోయడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. కడుపు నిండిందని ఒట్టేసినా నమ్మడు. "ఎప్పుడనంగ తిన్నవు, ఇప్పటిదాంక ఆగుతదా?" అంటాడు. ఆ ఎప్పుడో అన్నది గంట కింద.

ఆయన అసలు పేరు రేషన్ కార్డులో భద్రంగా ఉంది. జనగామలో మాత్రం కొసరు మామ. కొసరి కొసరి వడ్డిస్తాడని పేరు. బస్టాండు దగ్గర ఆటో ఎక్కి ఆ పేరు చెబితే చాలు, దించి పోతాడు. దించి పోతాడంటే, దించి, మామ కంట్లో పడి, ఓ గిన్నెడు గుడాలు తిని పోతాడు.

ఇలాంటి మనిషి మీ చుట్టాల్లోనూ ఒకరుండే ఉంటారు. బంతి భోజనాల కాలంలో ఈ జాతికి చేతినిండా పని. బకెట్టు పట్టుకుని వరస వెంట నడుస్తుంటే ఊరేగింపు ఏనుగెక్కినంత దర్జా. బఫేలు వచ్చి వీళ్ళ పొట్ట కొట్టాయి. మామ బఫేలో కూడా ఊరుకోడు. గరిట సంపాదించి, ప్లేట్లు పట్టుకుని నిలబడ్డవాళ్ళ వెనక తిరుగుతాడు. వెనక నుంచి ముద్ద పడితే ఎవరైనా ఉలిక్కిపడరా? పోయిన మాఘమాసంలో ఒక పెళ్ళికొడుకు తరఫు పెద్దమనిషి చొక్కా మీద బగారన్నం పడింది. ఇంకెవరైనా అయితే క్షమాపణ అడిగేవారు. మామ ఆ పడ్డ మెతుకుల లెక్కకు ఇంకో గరిటెడు వేశాడు.

హైదరాబాదు పోయే రైలు జనగామ స్టేషన్లో ఆగేదే ఒకటి రెండు నిమిషాలు. ఆ కాసేపట్లోనే కిటికీ ఊచల సందుల్లోంచి సర్వపిండి, ఉడకబెట్టిన పల్లికాయ, సీతాఫలాలు లోపలికి దూరుస్తాడు. నాకే కాదు, ఎదురు సీటు వాళ్ళకు కూడా. ఒకసారి రైలు కదిలేసరికి పచ్చిపులుసు డబ్బా ఆయన చేతిలో, మూత నా చేతిలో ఉన్నాయి. ఘనపురం దాటేదాకా ఆ మూత వాసన చూస్తూనే కూచున్నానని తప్పుగా చెప్పబోయాను, ఘనపురం అటు కాజీపేట దిక్కు కదా. ఆలేరు దాటేదాకా.

పోతన గారి బమ్మెర మా జిల్లాలోనే ఉంది కాబట్టి గజేంద్ర మోక్షం మామ చెవిన చిన్నప్పటి నుంచీ పడుతూనే ఉంది. ఎవరికైనా ఆ కథలో భక్తి కనిపిస్తుంది. మామకు ఒక్కటే అనుమానం. "వెయ్యేండ్లు మొసలితోని కొట్లాడింది, మంచిదే. అన్నేండ్లు ఆ ఏనుగు ఏం తిన్నదిరా?"

అలాంటి మనిషి ఇంటికి పోయిన బతుకమ్మ సెలవుల్లో ఒక ఊసరవెల్లి చుట్టంగా వచ్చింది.

తెచ్చింది ఆరో తరగతి చదివే ఆయన మనవడు. చెరువు కట్ట మీద తుమ్మచెట్టుకు కనబడితే చెప్పుల డబ్బాలో పెట్టుకొచ్చాడు. ముందు వాకిట్లో పెద్ద పంచాయితీ. తొండ అని సగం మంది, ఊసరవెల్లి అని సగం మంది. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని మన సామెత చెప్పింది గనక రెండూ నిజమేనని ఒకాయన తీర్పు చెప్పాడు. ఎంత ముదిరినా తొండ తొండే. రెండింటి వంశాలే వేరు, మన దేశంలో ఊసరవెల్లి జాతి ఉన్నది ఒక్కటే. ఈ లోపల అక్కడ కూచున్న నలుగురికీ నలుగురు లీడర్లు గుర్తొచ్చి, మాట పార్టీల మీదికి మళ్ళింది. ఆ డబ్బాలోని ప్రాణి మీద నాకు జాలేసింది. అది రంగు మార్చేది పక్కనున్న కొమ్మను చూసి కాదు, ఎండను బట్టి, భయాన్ని బట్టి, కోపాన్ని బట్టి. చర్మం కింద సన్నని స్ఫటికాలుంటాయనీ, వాటి ఎడం మారితే పైన రంగు మారుతుందనీ జెనీవా శాస్త్రవేత్తలు 2015లో మడగాస్కర్ ఊసరవెల్లి మీద పరిశోధించి చెప్పారు. పదవి కోసం రంగు మార్చిన ఊసరవెల్లి ఇంతవరకు ఎక్కడా దొరకలేదు.

మామ ఇవేవీ వినలేదు. "ముందు అది తిన్నదా?" అన్నాడు.

మట్టి గోలెంలో జామకొమ్మ పాతి, దాని మీద ఎక్కించి, అరుగు మూలకు పెట్టారు. కాలి వేళ్ళు రెండు ఒక దిక్కు, మూడు ఒక దిక్కు చీలి, పట్టకారు పెట్టి పట్టినట్టు కొమ్మను పట్టుకుంది. మనవడు అగ్గిపెట్టె తెరిచి పచ్చమిడతను వదిలాడు. ఊసరవెల్లి ఒక కన్ను మిడత మీద వేసింది, రెండో కన్ను మామ మీదే ఉంచింది. తర్వాత ఆ రెండోది కూడా మెల్లగా తిరిగి మిడత దగ్గరికే చేరింది. అడుగు ముందుకు, మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకు, గాలికి ఆకు ఊగినట్టు. నోరు కొంచెం తెరుచుకుంది. అంతే, మిడత లేదు. ఒంటికన్నా పొడుగున్న నాలుక పోయి రావడం ఎవరికీ కనబడలేదు, దవడలు కదలడం మాత్రం చూశాం.

మామ కళ్ళల్లో నీళ్ళు తిరిగినంత పనైంది. "సూడుండ్రి. వద్దనదు, చాలనదు. చుట్టమంటే గిట్లుండాలె."

మొదటి రోజు మూడు మిడతలు, రెండో రోజు ఐదు, మూడో రోజు ఏడు. మిడతకు రెండు రూపాయల చొప్పున మామ రేటు పెట్టేసరికి వాడకట్టు పిల్లలంతా చెలకల మీద పడ్డారు. నాలుగో రోజు పొద్దున ఊసరవెల్లి నోరు మూసింది.

కూరలో ఉప్పెక్కువైందని చుట్టం కంచం ముందు నుంచి లేచి పోతే ఎట్లుంటుందో మామ మొహం అట్లయింది. "దినాం మిడతలేనాయె, దానికి మొహం మొత్తదా?" అని కీచురాళ్ళను తెప్పించాడు. ముట్టలేదు. బొద్దింకను తెప్పించాడు. అత్తమ్మ చీపురు పట్టుకుంది గనక ఆ ప్రయోగం సగంలో ఆగింది. పత్తి చేలో గులాబీ రంగు పురుగు గుర్తొచ్చి లేచి చెప్పులేసుకున్నాడు. "అది తినుడు నేర్చుకుంటే రైతులకన్న పున్నెముంటది." మందు కొట్టిన చేలోది పెడితే పున్నెం సంగతి దేవుడెరుగు, పురుగుతో పాటు తిన్నది కూడా పోతుందని ఆపాను.

మామ కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. వీడియో కాల్‌లో చూసి, "నాన్న, ఇక్కడ యెమెన్ ఊసరవెల్లులను దుకాణాల అమ్ముతరు. దీపాలు, నీళ్ళ తుంపర్లు కొట్టే మిషన్లు పెట్టి సాదుతరు. పురుగులకు కాల్షియం పొడి అద్ది పెడుతరు" అన్నాడు. మామకు మిగతా అంతా గాలికి పోయి పొడి ఒక్కటి మిగిలింది. కాల్షియానికి నువ్వులను మించింది ఏముంది? బతుకమ్మ సద్దులకని అత్తమ్మ దంచి పెట్టిన నువ్వుల పొడి తెచ్చి మిడతకు అద్దాడు. మిడత తుమ్మినట్టు ఎగిరి అత్తమ్మ కొప్పులో పడింది. ఊసరవెల్లి రెండు కళ్ళతో రెండు దిక్కులా చూసింది.

తప్పు వడ్డనలో ఉందనుకున్నాడు మామ. పెంబర్తి ఇత్తడి తాంబాళం ఒకటి ఉంది ఇంట్లో. పెంబర్తి మాకు కూతవేటు దూరం, అక్కడి ఇత్తడి పని కాకతీయుల నాటిది. అల్లుళ్ళకు తప్ప దింపని ఆ పళ్ళాన్ని చింతపండు వేసి తళతళా తోమించి, దాన్లో మిడతను పెట్టి కొమ్మ ముందుకు చాపాడు. ఊసరవెల్లి తొంగి చూసింది. పళ్ళెంలో ఇంకో ఊసరవెల్లి కనబడింది. ఒళ్ళు రెండింతలు ఉబ్బించి, నల్లబడి, నోరు తెరిచి బుస కొట్టింది. ఒంటరిగా బతికే ప్రాణి అది, సాటిదాన్ని చూస్తే దానికి ఒళ్ళు మంట.

"నోరు తెరిచింది, పెట్టు, పెట్టు!" అని అరిచాడు మామ.

ఆ రాత్రి ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి దిష్టి తీశారు. తెల్లారి నేను లేచేసరికి మామ దాని ముందు పీట వేసుకుని, "ఆ... అను... ఆ..." అని తన నోరు తెరిచి చూపిస్తున్నాడు. అత్తమ్మ వాకిట్లో చాన్పి చల్లుతూ అంది: "పండ్లు లేని నోరు సూసి ఇంకింత జడుసుకుంటదయ్యా."

చివరికి పశువుల డాక్టరును ఇంటికే తీసుకొచ్చాను. ఎడ్లకు, మేకలకు సూదులేసే మనిషి, అయినా విషయం తెలిసినాయన. గోలెం పక్కన నీళ్ళ గిన్నె చూసి నవ్వాడు. నిలిచిన నీళ్ళను అది నీళ్ళుగానే చూడదట, ఆకుల మీద జారే చుక్కలనే నాకుతుందట. నీడన పెడితే ఒళ్ళు వేడెక్కదు, ఒళ్ళు వేడెక్కక తిన్నది అరగదు, అరగక ఆకలి కాదు. పైగా పొద్దంతా చుట్టూ పదిమంది నిలబడి నోట్లోకి చూస్తుంటే ఎవరు తింటారు? (ఈ మాటకు నేను గట్టిగా తలూపాను.) "తినకపోతే తినకపోనియ్యుండ్రి. కొన్ని దినాలు తినకున్నా దానికేం కాదు" అన్నాడు.

డెబ్భై ఏళ్ళ జీవితంలో మామ ఆ మాట వినడం అదే మొదటిసారి. గోడకు ఆనుకుని కూచున్నాడు.

డాక్టరు పోతూ పోతూ ఇంకో మాట చెప్పాడు. ఊసరవెల్లి 1972 వన్యప్రాణుల చట్టం కింద రక్షణ ఉన్న జీవి, పట్టుకోవడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం, ఫారెస్టు వాళ్ళకు ఫోన్ చెయ్యండని. నేను అప్పుడే చేశాను. మామ అడ్డం పడ్డాడు. చట్టం అంటే భయం లేక కాదు. "ఉపాసమున్నోళ్ళను ఇంట్లకెల్లి ఎట్ల తోలుతం అల్లుడా? రేపు నలుగురు ఏమంటరు?"

అప్పుడొచ్చింది పక్కింటి ముసలవ్వ. వాడకట్టులో సగం మందికి మంత్రసాని ఆమె. మజ్జిగకని వచ్చి, గోలెం దగ్గర ఒక్క నిమిషం నిలబడింది. ఊసరవెల్లి కొమ్మ దిగి, గోలెంలో మట్టిని ముందుకాళ్ళతో గీరుతోంది. పక్కలు ఉబ్బి, పొట్ట ఎగుడుదిగుడుగా ఉంది. మేమందరం వాడు, వీడు అంటున్నాం రెండు రోజుల నుంచీ.

"వాడేందిరా వాడు? అది నీళ్ళాడే మనిషి. గుడ్లు పెట్ట జాగ దేవులాడుతున్నది. గిప్పుడు దానికి తిండి ఎట్ల సయిస్తది?"

డాక్టరుకు ఫోన్ చేస్తే, అవును, గుడ్లు పెట్టే ముందు ఆడవి తిండి మానేసి, చెట్టు దిగి మట్టి తవ్వుతాయి, నాకు తట్టలేదే అన్నాడు.

మామకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అలిగింది కాదు, వంట నచ్చక కాదు. ఆడబిడ్డ కానుపుకు పుట్టింటికొచ్చింది! అప్పటికప్పుడు వడిబియ్యం పోసి పంపాలన్నాడు. అత్తమ్మ గోలెం వంక ఒకసారి, మామ వంక ఒకసారి చూసింది. "ఒడి యాడున్నదో సూపెట్టు, పోస్త."

సద్దుల బతుకమ్మ నాటి పొద్దున ఫారెస్టు బీటు ఆఫీసరు వచ్చాడు. కేసు రాయాల్సి ఉంటుందని గట్టిగానే మొదలుపెట్టాడు. మామ కుర్చీ వేసి, "ముందుగాల తినుండ్రి సారు" అన్నాడు. "తిని వచ్చిన" అన్నాడాయన. ఆ మాట మా ఇంట్లో అనకూడదని ఆయనకెవరు చెప్పాలి? మూడు జొన్నరొట్టెలు, రెండు మలీద ముద్దలు అయ్యాక, పిల్లగాడు తెలవక తెచ్చాడు కాబట్టి, మీ అంతట మీరే ఫోన్ చేశారు కాబట్టి, ఇంకోసారి ఇట్లా చెయ్యొద్దని మాత్రం చెప్పి లేచాడు. బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకుని లేచాడు.

చెరువు కట్ట మీద అదే తుమ్మచెట్టు మొదట్లో, మెత్తటి మట్టి ఉన్న చోట వదిలాం. అది ఊగుతూ, ఆగుతూ ముందుకు పోయింది. ఒక కన్ను మట్టి మీద ఉంది. ఇంకోటి వెనక్కి తిరిగి మామ మీదే ఉంది. నన్నే చూస్తోందని మామ, అగ్గిపెట్టెను చూస్తోందని మనవడు. ఆయన అగ్గిపెట్టె తెరిచి అక్కడ పెట్టబోతే ఆఫీసరు చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. చేతుల్లో అగ్గిపెట్టెలు, ఆర్డరు ఇచ్చిన మిడతలు ముప్పై ఎనిమిది. మాట తప్పే మనిషి కాదు, డెబ్భై ఆరు రూపాయలు లెక్కబెట్టి ఇచ్చాడు. పిల్లలకు తలా ఒక మలీద ముద్ద. పారేస్తే పాపమని మిడతలన్నీ పెరట్లో కోళ్ళకు వేశాడు, ఒక్కోదాన్ని పిలిచి మరీ, కొసరి కొసరి.

ఇప్పుడు ఆ కోళ్ళు నూకలు ముట్టడం లేదు.