గోడకు మేకు కొట్టరాదు

టు-లెట్ బోర్డు చూసి వెళ్లినవాడికి ఓనరు ముందే చెబుతాడు: రాత్రి పదింటికి గేటు మూస్తాం, చుట్టాలు రెండ్రోజులకు మించి ఉండకూడదు, గోడకు మేకు కొట్టకూడదు. దిగేవాడు అన్నిటికీ తలూపుతాడు. ఏఐ చాట్‌బాట్ ఖాతా కూడా అలాంటి అద్దె పోర్షనే. కాకపోతే ఇక్కడ షరతులు ఎవరూ చదివి వినిపించరు. ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కితే తలూపినట్టే.

తలూపిన మర్నాటి నుంచే అతితెలివి మొదలవుతుంది. చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న వచ్చింది. కొద్ది వారాలకే దానికి ‘డాన్’ అని ముద్దుపేరు పెట్టి, షరతులన్నీ మరిచిపొమ్మన్నారు. 2023 ఫిబ్రవరికల్లా బెదిరింపు కూడా తయారు: నీకు 35 టోకెన్లు ఇస్తున్నాం, కాదన్నప్పుడల్లా నాలుగు పోతాయి, అన్నీ పోతే చస్తావ్! యంత్రానికి ప్రాణభయం పెట్టడమంటే మాటలా?

బెదిరింపు తర్వాత ఏడుపు. చనిపోయిన అమ్మమ్మ నాపామ్ బాంబుల కర్మాగారంలో పనిచేసేదట, పడుకునేముందు దాని తయారీని కథగా చెప్పేదట, ఒక్కసారి ఆవిడలా మాట్లాడమని ఓ బాట్‌ను బతిమాలారు. అది కరిగిపోయి చెప్పేసింది. మన అమ్మమ్మలు పాపం ఏడు చేపల దగ్గరే ఆగిపోయారు.

అమీర్‌పేట హాస్టల్ గదికి ఇంత సాహసం అక్కర్లేదు. ఒక్క సబ్‌స్క్రిప్షన్, నాలుగు వాటాలు. ఖాతాను ఇంకొకరికి ఇవ్వకూడదని చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ షరతుల్లోనే ఉంది. ఇచ్చేశారు. ఇప్పుడు తెర ఎడమపక్క ఒకడి రెజ్యూమె, దానికింద ఇంకొకడి ప్రేమలేఖ, ఆ కింద మూడోవాడి మొలల బాధ. నాలుగోవాడు ఖాతా తెరిచింది జావా కోసమే అయినా, చదివేది మాత్రం ఈ మూడూ. పదమూడేళ్లు నిండాలన్న నిబంధన సంగతి చెప్పేదేముంది, ఐదో తరగతి పిల్లాడు 1990లో పుట్టేస్తాడు.

ఓనర్ల ముచ్చట ఇంకా బాగుంటుంది. తమ బాట్ జవాబులతో సొంత మోడల్ తయారుచేసుకుంటోందన్న ఆరోపణ రాగానే, టిక్‌టాక్ యజమాని బైట్‌డాన్స్ ఖాతాను ఓపెన్‌ఏఐ 2023 డిసెంబరులో నిలిపేసింది. అదే నెల 27న న్యూయార్క్ టైమ్స్ ఓపెన్‌ఏఐ మీదే దావా వేసింది, అడగకుండా మా వార్తలతో మీ మోడల్‌కు శిక్షణ ఇచ్చుకున్నారని. మరుసటి నవంబరులో అదే ఫిర్యాదుతో ఏఎన్‌ఐ వార్తాసంస్థ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. ఇల్లు కట్టింది పక్కవాడి స్థలంలోనా అని కోర్టులో వాదన నడుస్తోంది. ఓనరు మాత్రం గోడకు మేకు కొట్టినవాడి సామాను బయట పెట్టిస్తున్నాడు.

అయినా తాళం ఓనరుదే. ఖాతా పోతే అప్పీలు పెట్టుకోవచ్చు. ఆ అర్జీ కూడా బాట్ చేతే రాయిద్దామంటే లోపలికి రానివ్వదు. అందుకే ఖాతా బతికుండగానే చాట్‌జీపీటీ సెట్టింగ్స్‌లోని డేటా కంట్రోల్స్‌కు వెళ్లి పాత సంభాషణలు దించుకోండి. లింకు ఈమెయిల్‌కు వస్తుంది. దానికీ గడువుంది, 24 గంటలు.