నేటి పెట్రోల్ ధర: నిన్నటిదే

మదీనా చౌరస్తాలో బండి ఇరుక్కుపోయి, చార్మినార్ కళ్లెదుటే ఉన్నా చేరలేక చెమటలు కక్కుతున్నవాడి ఫోన్‌కి ఓ కబురు వస్తుంది: ఢిల్లీలో లీటర్ పెట్రోల్ ఇంత, చెన్నైలో ఇంత. పైసలతో సహా. అది చదివి వాడేం చెయ్యాలో ఏ వార్తా చెప్పదు. బండి తోసుకుంటూ ఢిల్లీ పోయి ట్యాంకు నింపుకు రావాలి కాబోలు.

రేట్లు రోజూ ఉదయం ఆరింటికి మారతాయని 2017 జూన్ 16న ఓ పద్ధతి పెట్టారు. 2022 మే 22న హైదరాబాద్‌లో 109.66 దగ్గర ఆగిన ధర 2024 మార్చి నడుమ దాకా కదల్లేదు. వార్త మాత్రం ఆగలేదు. రోజూ పట్టికే, రోజూ 'స్థిరం' అనే మాటే. ఆ లెక్కన 'నేడు చార్మినార్‌కు నాలుగు మినార్లు, నిన్నటితో పోలిస్తే మార్పు లేదు' అని కూడా రోజూ వేయొచ్చు. ఎందుకో ఎవరికీ తట్టలేదు.

దేశ సగటు అని ఇంకో వింత. ఆ రోజుల్లో పోర్ట్ బ్లెయిర్‌లో 84.10, మన దగ్గర 109.66. రెండూ కలిపి సగం చేస్తే వచ్చే రేటుకి ఈ రెండు ఊళ్లలో ఏ బంకులోనూ చుక్క పోయరు.

అసలు పాతబస్తీలో లీటర్లు అడిగేవాడెవడు? 'సౌ కా డాలో భాయ్' అంటాడు. ఆ వందకి అప్పట్లో ఇక్కడ 912 మిల్లీలీటర్లు పడేది, ఢిల్లీలో లీటరు దాటి ఇంకో 34. ఈ తేడా ఎక్కడిదో పట్టిక చెప్పదు. అప్పుడు కేంద్రం సుంకం రెండు చోట్లా లీటరుకి 19.90. వ్యాట్ అక్కడ 19.40 శాతం, ఇక్కడ 35.20.

2022 ఏప్రిల్‌లో ప్రధాని పేర్లు చదివి మరీ వ్యాట్ తగ్గించని రాష్ట్రాలను దెప్పారు. అందులో తెలంగాణ ఉంది, ఆంధ్రా ఉంది. మేం పెంచిందెక్కడ, ఒక్కసారి రౌండాఫ్ చేశామంతే అని తెలంగాణ జవాబు. 31 శాతాన్ని 35.20 చేయడం రౌండాఫ్ అట! రాష్ట్రాలకు వాటా రాని సెస్సుల మాట ఎత్తితే కేంద్రానికి వినబడదు. ఇద్దరి చేతిలోనూ అదే పోలిక పట్టిక. ఎవరికి కావలసిన వరుస వారు చదువుకుంటారు.

నాదో సూచన. ఊరి పేరు పక్కన ఎన్నికల తేదీకి ఓ గడి పెట్టండి. 2021 నవంబరు నుంచి 137 రోజులు గడ్డకట్టిన ధర, ఉత్తరప్రదేశ్ ఫలితాలు వచ్చిన పన్నెండో రోజున 80 పైసల చొప్పున పరుగు మొదలెట్టింది. 2024 మార్చి 15న లీటరుకి రెండు రూపాయలు తగ్గింది. లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు వచ్చింది మర్నాడే.