శ్రద్ధ లేదట!

భద్రాచలం ఏజెన్సీలో డిగ్రీ మధ్యలో ఆపేసిన పిల్లలకు చదువు మీద శ్రద్ధ లేదని పెద్దల తీర్పు. నిజమే కాబోలు! జనవరి నుంచి మార్చి దాకా ఖమ్మం చేలల్లో మిర్చి కోతలు, ఎండలు ముదిరాక అడవిలో తునికాకు సేకరణ. ఇంటికి నాలుగు డబ్బులొచ్చే కాలం అదే. హాజరు లెక్కలూ, సెమిస్టర్ పరీక్షలూ ఆ నెలల మీదే వచ్చి కూచుంటాయి. కొత్త చదువుల వేళకు గోదావరి పొంగుతుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరింది. శ్రద్ధ ఉన్నవాడు ఈదుకుంటూ రావాలి మరి.

ఫీజు సర్కారే కడుతోందిగా, అంటారు. కడుతుంది, తీరిగ్గా. బకాయిలు రాలేదని 2025 నవంబర్‌లో తెలంగాణ ప్రైవేటు కాలేజీలే బంద్ పెట్టాయి. కాలేజీ తలుపులు మూస్తే నిరసన, విద్యార్థి మానేస్తే బద్ధకం! ఫీజు సకాలంలో అందినా బస్సు చార్జీ, గది అద్దె, పోయిన కూలి ఎవరిస్తారు? అలాగని ఏలికలు ఊరుకోలేదు. 2020 జాతీయ విద్యావిధానంలో ఏడాదికే వెళ్లిపోయేవారికి సర్టిఫికెట్, రెండేళ్లకైతే డిప్లొమా రాసిపెట్టారు. నిలబెట్టే దారి దొరక్కపోయినా, సాగనంపే ఏర్పాటు మాత్రం పద్ధతిగా ఉంది.