ఆండీ ఏడి? బొమ్మ ఆఫీసు మీద పెద్దల పంచాయితీ

డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో 1932లో ఒలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి ప్రారంభించిన లెగో సంస్థ, ముక్కకు ముక్క బిగించి కట్టుకునే తన ఆటవస్తువుల వరుసలో, 2022 అక్టోబరులో ‘ది ఆఫీస్’ అనే అమెరికన్ టీవీ ధారావాహిక పేరిట 1,164 ముక్కల సెట్టు ఒకటి విడుదల చేసింది. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్క్రాంటన్‌లో కాగితం అమ్మే డండర్ మిఫ్లిన్ అనే కల్పిత కంపెనీ శాఖనూ, అందులో పనిచేసే, లేదా పనిచేస్తున్నట్లు కనిపించే పదిహేను మందినీ, ఒక పిల్లినీ ఆ పెట్టెలో సర్దారు. పద్దెనిమిదేళ్లు నిండినవారికే అని పెట్టె మీద స్పష్టంగా ముద్రించారు గనుక ఇది పెద్దల వ్యవహారమేనని ఒప్పుకోవాలి. ఆ పెద్దలలో ఒక వర్గం పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, ఉన్న పదిహేను మందిని వదిలిపెట్టి, లేని పదహారో మనిషిని పట్టుకున్నది: ఆండీ ఏడి?

ఈ ప్రశ్నలోని ఆవేదన అర్థం కావాలంటే సిట్‌కామ్ స్వభావం కొంత తెలియాలి. ఒకే చోట తిరిగే ఒకే బృందం వారానికొక చిక్కులో పడి, అరగంటలో బయటపడి, ఆ చిక్కు నుంచి ఏమీ నేర్చుకోకుండా మరుసటి వారం మళ్లీ అదే సోఫాలోనో అదే బల్ల దగ్గరో కూర్చునే హాస్య ధారావాహికను సిట్‌కామ్ అంటారు. యుద్ధాలూ అంతరిక్ష నౌకలూ అక్కరలేదు, మూడు గోడలూ నాలుగు కుర్చీలూ ఒక తలుపూ చాలు గనుక పైకి చూస్తే ఇది లెగోకు సరిగ్గా సరిపోయే సరుకే. చిక్కంతా వేరేచోట ఉంది. సిట్‌కామ్‌కు ప్రాణం మాటలోనూ, మాటకూ మాటకూ నడుమ నటుడు ఆగే ఆ అరక్షణంలోనూ ఉండగా, 1978 నుంచి దాదాపు ఒకే రూపంలో తయారవుతున్న మినీఫిగర్, అనగా నాలుగు సెంటీమీటర్ల లెగో మనిషి, మాట్లాడదు, మోచేయి మడవదు, ఆగిందో ఆగలేదో చెప్పడానికి అసలు మొదలే పెట్టదు. కాబట్టి హాస్యం పెట్టెలో రాదు, కొన్నవారే దానిని జ్ఞాపకంలోంచి తెచ్చి పోసుకోవాలి. 2005 నుంచి 2013 వరకు వచ్చిన 201 ఎపిసోడ్లను కంఠస్థం చేసినవారు తప్ప ఈ బొమ్మను చూసి నవ్వగలవారు లేరు, అంత కంఠస్థం చేసినవారు నవ్వడానికి ముందు తప్పులు వెతకకుండా ఉండలేరు. అభిమానుల స్పందనలన్నీ ఈ ఒక్క సూత్రం నుంచే పుడుతున్నాయని చెప్పడానికి సందేహించనక్కరలేదు.

మూగతనం కలిసివచ్చిన పాత్రలూ లేకపోలేదు. డాక్యుమెంటరీ తీస్తున్నట్లు నడిచే ‘ది ఆఫీస్’లో జిమ్ హాల్పర్ట్ అనే ఉద్యోగి, పక్కవాడు ఏదైనా వెర్రిమాట అన్నప్పుడల్లా నోరు మెదపకుండా కెమెరా వైపు చూస్తాడు. కళ్లు ముద్రించిన బొమ్మకు చూడడం తప్ప వేరే పని లేదు గనుక, ఆ పాత్రలో అతని బొమ్మ నటుడికి దీటుగా నిలుస్తుంది. అలాగే 2015లో 484 ముక్కలతో వచ్చిన ‘ది బిగ్ బ్యాంగ్ థియరీ’ సెట్టులో, ఢిల్లీలో పెరిగిన కునాల్ నయ్యర్ పోషించిన రాజ్ పాత్ర ఉంది. తొలి సీజన్లలో మద్యం తాగితే తప్ప ఆడవారి ఎదుట నోరు పెగలని పాత్ర కావడం వల్ల, ఆ కథలోని పెన్నీ అనే అమ్మాయి బొమ్మ పక్కన నిలబెట్టిన రాజ్ బొమ్మలో తప్పు పట్టడానికి ఏమీ దొరకదు.

ఇటువంటి సెట్లు సంస్థ బుర్రలో పుట్టినవి కావన్నది మరో విశేషం. 2008లో జపాన్‌లో కూసూ అనే పేరుతో మొదలై, 2014లో లెగో ఐడియాస్‌గా పేరు మార్చుకున్న పథకం కింద, ఎవరైనా ఒక అభిమాని తన నమూనాను ప్రతిపాదించి పదివేల మంది మద్దతు కూడగట్టితే, సంస్థ నిపుణుల సంఘం దానిని పరిశీలిస్తుంది. అంగీకరిస్తే లెగో రూపకర్తలు దానిని తిరిగి చెక్కుతారు, ప్రతిపాదించినవారికి నికర అమ్మకాలలో ఒక శాతం దక్కుతుంది. ప్రజాస్వామ్యం ఇంత చక్కగా పనిచేసే రంగాలు తక్కువ. అందులోని బాధ కూడా అంతే చక్కగా పనిచేస్తుంది. ఓటు వేసిన పదివేల మందీ తాము ఓటు వేసిన నమూనానే వస్తుందనుకుంటారు, వచ్చినది మాత్రం సంఘం సవరించినది. దానితో పదివేల మందీ ఎవరూ నియమించకుండానే ఆడిటర్లవుతారు.

ఇక ఆండీ సంగతి. ఆండీ బెర్నార్డ్ మూడో సీజన్‌లో కథలోకి వచ్చి, మేనేజర్ మైకేల్ స్కాట్ ఏడో సీజన్‌లో వెళ్లిపోయాక, ఎనిమిదో సీజన్‌లో ఆ కుర్చీ ఎక్కిన వ్యక్తి. కుర్చీ ఎక్కినవానికి బొమ్మ లేకపోవడం, గోదాములో పెట్టెలు మోయించే డారిల్‌కు బొమ్మ ఉండడం, మనుషుల వ్యవహారాల విభాగంలో కూర్చుని అందరి విసుగునూ మూటగట్టుకునే టోబీకి సైతం బొమ్మ ఉండడం ఆండీ పక్షపాతులకు మింగుడుపడలేదు. రిసెప్షనిస్టు ఎరిన్‌కూ చోటు దక్కలేదు. దసరా బొమ్మల కొలువుకు వచ్చిన పేరంటాలు మెట్ల మీద ఉన్న నలభై బొమ్మలను ఒక్క చూపుతో దాటేసి, పోయినేడు ఉన్న చెట్టియారు బొమ్మ ఏమైందమ్మా అని ఇంటి ఇల్లాలిని నిలదీసినట్లే ఉంటుంది ఈ తీరు. అయితే నిష్పక్షపాతంగా చూస్తే, ఆండీ లేకపోవడానికి విరుగుడు అభిమానులలోనే ఉన్నది: తొలి సీజన్ల ఆఫీసునే నిజమైన ఆఫీసుగా భావించి, మైకేల్ పోయాక వచ్చిన కథను లెక్కలోకి తీసుకోని మరో అభిమాన వర్గం, ఆండీ లేడని తెలిసి సెట్టు మీద గౌరవం పెంచుకుంది. ఒకే లోటు ఒక వర్గానికి ద్రోహంగానూ, మరో వర్గానికి అభిరుచికి నిదర్శనంగానూ కనిపించడం తత్వశాస్త్రంలో అరుదు, బొమ్మల శాస్త్రంలో సర్వసాధారణం.

దీనికంటే లోతైన సమస్య ఒకటుంది, దాని మీద మాత్రం ఎక్కువమంది గొంతు చించుకోలేదు. సెట్టులో ప్రధాన కార్యాలయమూ, సమావేశాల గదీ, విడిగా బయటికి జరిపే వీలున్న మైకేల్ గదీ ఉన్నాయి. వెనుకనున్న అనుబంధ గది గానీ, కింది గోదాము గానీ లేవు. దాని ఫలితంగా ఆ వెనుక గదిలో కూర్చునే టోబీకి, కెల్లీకి ఒంటి మీద చొక్కా ఉంది, తలమీద జుట్టు ఉంది, కూర్చోవడానికి చోటు లేదు. టోబీని చూస్తేనే మండిపడే మైకేల్ స్కాట్‌కు ఈ సంగతి తెలిసి ఉంటే సంస్థకు అభినందన లేఖ రాసేవాడు. కెల్లీ కపూర్ విషయం అంత తేలిగ్గా తీసుకోదగినది కాదు. ఆ పాత్ర ధరించిన మిండీ కాలింగ్ ధారావాహిక రచయితలలో ఒకరు, 2006లో వచ్చిన దీపావళి ఎపిసోడును రాసినది ఆమే. అమెరికా టీవీకి దీపావళి చూపించిన మనిషికి ఒక బల్ల ఇవ్వలేకపోవడం, 1,164 ముక్కలు పోసిన తరువాత, కొంత పిసినారితనంగానే తోస్తుంది.

పిల్లి విషయంలో పండితుల వాదం మరింత సూక్ష్మమైనది. సెట్టులోని పిల్లి పేరు గార్బేజ్. యాంజెలా అనే ఉద్యోగిని ప్రాణంగా పెంచుకున్న స్ప్రింకిల్స్ అనే పిల్లిని సహోద్యోగి డ్వైట్ ఫ్రీజర్‌లో పెట్టి చంపి, దానికి బదులుగా తెచ్చి ఇచ్చిన జంతువు అది. కానీ ప్రేక్షకుల మనసులో నిలిచిపోయిన పిల్లి ఇది కాదు, అయిదో సీజన్‌లో ఆఫీసుకు నిప్పంటుకున్నదని నమ్మి, కాపాడడానికి యాంజెలా సీలింగులోకి విసిరే బాండిట్ అనే పిల్లి. ఆ దృశ్యాన్ని పునర్నిర్మించాలనుకునేవారికి పిల్లి తప్పైనదన్నది మొదటి అడ్డంకి, కట్టడానికి పైకప్పే లేదన్నది రెండోది. పైకప్పు లేని ఆఫీసులో పైకప్పులోకి పిల్లిని విసరడం భౌతికశాస్త్రం అనుమతించని పని. ఈ వర్గాన్ని చల్లార్చడానికే కాబోలు, జెల్లీలో ఇరుక్కున్న స్టేప్లరునూ, ఉద్యోగి కెవిన్ వండి తెచ్చిన చిలీ అనే కూర కుండనూ, జిమ్ సహోద్యోగిని పామ్‌కు కానుకగా ఇచ్చిన టీపాట్‌నూ సెట్టులో దాచిపెట్టారు. తెలిసినవారికి మాత్రమే తెలిసేలా దాచే ఇటువంటి చమత్కారాన్ని ఈస్టర్ ఎగ్ అంటారు. దాచినవి దొరికినప్పుడు కలిగే ఆనందం గొప్పదే గాని, దొరికినవాటి జాబితా పూర్తికాగానే దొరకనివాటి జాబితా మొదలవుతుంది.

ఇంతవరకు చెప్పుకున్నవారు కార్యక్రమం మీది ప్రేమతో బొమ్మ కొన్నవారు. వీరికి సంబంధం లేకుండా, వీరి గోల ఏమాత్రం అర్థం కాకుండా, ముక్కల మీది ప్రేమతో అదే పెట్టె కొనే మరో జాతి ఉన్నది. లెగోను వదలని వయోజన అభిమానులను ఆ లోకంలో అఫాల్ అంటారు. కౌమారంలో ముక్కలను అటకెక్కించి, ఉద్యోగం వచ్చాక మళ్లీ దించుకునేదాకా గడచిన కాలాన్ని వీరు చీకటి యుగమని, ఏ చరిత్రకారుడూ అభ్యంతరం చెప్పలేని గాంభీర్యంతో పిలుచుకుంటారు. వీరిలో కొందరికి డ్వైట్ ఎవరో తెలియకపోవచ్చు, అతని చొక్కా రంగు మరే సెట్టులో వచ్చిందో మాత్రం తెలుసు. ధరను ముక్కల సంఖ్యతో భాగించడం వీరి నిత్యపారాయణ. 119 డాలర్ల 99 సెంట్ల ఆఫీసులో ముక్కకు పది సెంట్ల పైచిలుకు పడగా, ఏడాది ముందు 79 డాలర్ల 99 సెంట్లకు 1,326 ముక్కలతో వచ్చిన ‘సైన్‌ఫెల్డ్’ సిట్‌కామ్ సెట్టులో ముక్కకు ఆరు సెంట్లే పడింది. అక్కడ మనుషులు అయిదుగురు, ఇక్కడ పదిహేను మంది అని ఎంత చెప్పినా, భాగహారం చేసినవాడు ఊరుకోడు. ఇక ముక్క మీదనే బొమ్మను ముద్రించకుండా, అంటించుకోమని కాగితపు స్టిక్కరు ఇచ్చినప్పుడు ఈ జాతికి వచ్చే కోపం వర్ణనాతీతం. స్టిక్కరు వెంట్రుకవాసి వంకరగా అంటుకున్నా ఆ వంకర జీవితాంతం కనిపిస్తూనే ఉంటుంది, తమకు తప్ప మరెవరికీ కనిపించదన్నది వీరు ఒప్పుకోరు.

‘సైన్‌ఫెల్డ్’ ప్రస్తావన వచ్చింది గనుక, ఏమీ జరగని కథగా తనను తాను చెప్పుకునే ఆ ధారావాహికలో, ఆ ఏమీ లేనితనాన్ని కట్టడానికి 1,326 ముక్కలు పట్టాయని నమోదు చేసి ముందుకు సాగవచ్చు. 2019లో 1,070 ముక్కలతో వచ్చిన ‘ఫ్రెండ్స్’ సెట్టు మాత్రం రసవత్తరమైన వివాదాన్ని మోసుకొచ్చింది. సెంట్రల్ పెర్క్ అనే కాఫీ దుకాణాన్ని లెగో వారు దుకాణంగా కాక, పైన స్టూడియో దీపాలు వేలాడే షూటింగ్ సెట్టుగా కట్టారు. ఆ ధారావాహికలోని ఆరుగురు మిత్రులూ న్యూయార్క్‌లో నిజంగా కాఫీ తాగారని పదేళ్లపాటు నమ్మినవారికి ఆ దీపాలు భక్తుడికి గర్భగుడిలో విద్యుత్తు మీటరు చూపించినంత పని చేశాయి. మరికొందరు మాత్రం, ఎప్పుడు వెళ్లినా ఆ సోఫా వారికే ఖాళీగా ఎలా ఉంటుందన్న పాత సందేహానికి జవాబుగా, బల్లమీద పెట్టిన ‘రిజర్వ్‌డ్’ అన్న చిన్న పలక దొరకగానే దీపాల సంగతి మరచిపోయారు. 2014 నాటి ‘ది సింప్సన్స్’ ఇల్లు 2,523 ముక్కలతో వీటన్నిటికన్నా పెద్దదైనా, ఒంటిరంగు విషయంలో తగాదా పడడానికి అందులో చోటే లేదు. పుట్టుకతోనే పసుపుపచ్చని కుటుంబానికి పసుపుపచ్చని బొమ్మ చేయడంలో కష్టమేముంటుంది?

కట్టడం పూర్తయ్యాక దానిని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నను ఈ రంగంలోని విద్వాంసులు తగినంతగా పట్టించుకోలేదనే చెప్పాలి. పగలంతా ఒక ఆఫీసులో కూర్చుని, రాత్రి ఇంటికి వచ్చి మరో ఆఫీసును బిగించి, దానిని తిరిగి పగటి ఆఫీసులోని తన బల్లమీద పెట్టుకునే ఉద్యోగి మనస్తత్వం మీద ఒక గ్రంథం రావలసి ఉంది.

తెలుగు పాఠకులకు ఒక విన్నపం. ఐడియాస్ పథకంలో సంఘం పరిశీలన దాకా చేరడానికి కావలసినది పదివేల మంది మద్దతు మాత్రమే; 2001 నుంచి 2007 వరకు జెమిని టీవీలో వచ్చిన ‘అమృతం’ను ఇప్పటికీ అన్నంతోపాటు చూసేవారు ఎన్ని ఖండాలలో ఉన్నారో గమనిస్తే, అది కొండనెక్కవలసిన సంఖ్య కాదు. అందులోని హోటలుకు మూడు గోడలు చాలు, ఆంజనేయులు, సర్వం, అద్దె అడగడానికి అప్పాజీ ఉంటే చాలు. ప్రతిపాదన పంపదలచినవారు ఒక్క సాంకేతిక విషయం మాత్రం ముందుగా తేల్చుకోవాలి: మినీఫిగర్ తలకు ముందొకటి వెనుకొకటి చొప్పున రెండు ముఖాలే ముద్రించడానికి వీలుంది, కథానాయకుడు అమృతరావు పాత్రను ముగ్గురు నటులు వేశారు.