ఫుల్‌చోక్ బాబాయి

మామిడి తోటలున్న ఊళ్లో ఇద్దరు పెద్దమనుషులు తప్పనిసరిగా ఉంటారు. ఒకాయన పూత చూసి కాపు ఎన్ని టన్నులో చెప్పేవాడు. రెండో ఆయన లైసెన్సు తుపాకీ ఉన్నవాడు. మొదటాయన లెక్క ఏటా తప్పుతుంది కాబట్టి జనం ఆయన్ని వెనకాల నవ్వుకుంటారు. రెండో ఆయన గురి ఒక్కసారి కూడా తప్పలేదు. ఎందుకంటే ఆయన పేల్చడు.

మా బాపులపాడు మండలంలో ఆ రెండో ఆయనకి అసలు పేరు ఒకటి ఉంది, ఆధార్ కార్డులో. ఊరంతా పిలిచేది మాత్రం ఫుల్‌చోక్ బాబాయి అనే. తెల్లవారేసరికి హనుమాన్ జంక్షన్‌లో, నూజివీడు రోడ్డు హైవేలో కలిసే చోట, టీ కొట్టు బల్ల మీద ఉంటాడు. ఏది చూడాలన్నా ఎడమ కన్ను మూసి చూస్తాడు. బస్సు బోర్డైనా, కరెంటు బిల్లైనా, వియ్యంకుడి ముఖమైనా అంతే. కొత్తవాళ్లు అది కంటి జబ్బనుకుని విజయవాడలో మంచి డాక్టర్ల పేర్లు చెబుతారు.

తుపాకీ తాతగారి కాలంది. జంట గొట్టాల పన్నెండు బోరు. బోరంటే ఏమిటని మీరు అడగక్కర్లేదు, ఆయనే చెబుతాడు. ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు తూస్తే ఒక పౌను బరువుంటాయి, అదీ పన్నెండు బోరంటే. ఇది అప్పజెప్పించుకోనిదే టీ చల్లారినా మిమ్మల్ని తాగనివ్వడు. ట్రిగ్గర్లు రెండు. ముందుది కుడి గొట్టానిది, వెనకది ఎడమ గొట్టానిది. కుడిది వదులు గొట్టం, ఎడమది ఫుల్ చోక్. ఆయన పేరు అక్కణ్ణుంచే వచ్చింది.

చోక్ అనేది చిన్న విషయం. గొట్టం మూతి దగ్గర లోపలివైపు కాస్త సన్నబరుస్తారు, అంతే. అసలు సన్నబరచకపోతే సిలిండరు. కొద్దిగా సన్నబరిస్తే ఇంప్రూవ్డ్ సిలిండరు, సగానికి వస్తే మాడిఫైడ్, పూర్తిగా చేస్తే ఫుల్. ఆ ‘పూర్తిగా’ అన్నది కూడా సుమారు ఒక మిల్లీమీటరే. నలభై గజాల దూరంలో ముప్పై అంగుళాల చక్రం గీసి పేలిస్తే, సిలిండరు గొట్టం వదిలిన సీసపు రవ్వల్లో నూటికి 40 చక్రంలో పడతాయి, ఫుల్ చోక్ వదిలినవి 70 పడతాయి. ఈ విద్యని 1870ల్లో బర్మింగ్‌హామ్‌లో తుపాకులు చేసే గ్రీనర్ గట్టిపరిచాడని బాబాయి చెబుతాడు. ఆ గ్రీనర్ పేరు కూడా చిన్నప్పుడు ఇద్దరూ ఒకే వీధిలో గోలీలాడుకున్నంత చనువుగా తీస్తాడు.

వేసవిలో ఈ పాఠానికి ప్రాక్టికల్స్ కూడా ఉంటాయి. ఒక మే నెల పొద్దున బల్లకి అటువైపు కొత్తగా బదిలీ అయి వచ్చిన బ్యాంకు ఆఫీసరు కూర్చున్నాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా. బాబాయి గంపలోంచి చిన్నరసం ఒకటి తీసి, అరచేతుల మధ్య మెత్తగా పిసికి, ముచ్చిక దగ్గర ఆవగింజంత కొరికి నొక్కాడు. రసం సన్నటి ధారగా నోట్లోకి పోయింది. ‘ఇది ఫుల్ చోక్’ అన్నాడు. ఇంకో కాయ తీసి ఈసారి నోటినిండా కొరికాడు. ‘ఇది సిలిండరు’ అంటూ నొక్కాడు. టెంకతో సహా వచ్చింది. బాబాయి గడ్డానికి కొంత, మోచేతికి కొంత, మిగతాది ఆఫీసరుగారికి. ‘చూశారా, ప్యాటర్ను ఎంత విచ్చుకుందో!’ అన్నాడు బాబాయి, ఆ చొక్కాని ఒంటికన్నుతో మెచ్చుకుంటూ. ఆ ఏడు ఆయన పంట రుణం కాగితాలు టేబులు దాటడానికి కాస్త టైము పట్టింది.

ఇంత తెలిసిన మనిషి ఎందుకు పేల్చడు? పేల్చడానికి ఏమీ మిగల్లేదు కనుక. తాతగారు కొల్లేటి బాతుల మీద నాలుగో నంబరు రవ్వ వాడేవారట. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది. తోటలో రామచిలుకలు కాయని సగం కొరికి పారేసి పక్క కాయ పట్టినా వాటి జోలికి వెళ్లకూడదు. చివరికి గబ్బిలం మిగిలింది. కాకితోనూ ఎలుకతోనూ కలిపి దాన్ని చట్టంలో ఐదో షెడ్యూలులో హానికర జీవుల కింద ఉంచారు. 2022 సవరణలో ఆ షెడ్యూలే లేకుండా పోయింది. పోనీ పెళ్లి ఊరేగింపులో గాల్లోకి ఒకటి పేలుద్దామంటే, 2019లో ఆయుధాల చట్టానికి చేసిన సవరణ రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అంటోంది. 1959 నాటి అసలు చట్టమేమో పంట కాపలా కోసం పేర్కొన్నది మూతిలోంచి మందు కూరే పాతకాలపు తుపాకీని. కనుక బాబాయిది ఆత్మరక్షణ లైసెన్సు. ఎవరి నుంచి రక్షణ అని ఏ ఆఫీసులోనూ అడగలేదు. పిన్ని మాత్రం ఒకసారి అడిగింది.

ఇక ఎన్నికలు. కోడ్ రాగానే తుపాకీ తీసుకెళ్లి స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకోవాలి. 2019లో కోడ్ మార్చి 10న వచ్చింది, లెక్కింపు మే 23న. 2024లో మార్చి 16న వచ్చింది, లెక్కింపు జూన్ 4న. అంటే పిందె మీద ఉండగా స్టేషన్‌కి వెళ్లిన తుపాకీ కోతలయ్యాక ఇంటికొచ్చిందన్నమాట. ‘దేశంలో పన్నెండు నెలలుంటే ప్రజాస్వామ్యానికి మామిడి సీజనే దొరికిందా?’ అంటాడు బాబాయి. ఆ రసీదులన్నీ పాలిథీన్ కవర్లో, పొలం పాసుపుస్తకం పక్కన భద్రంగా ఉన్నాయి. దీనికితోడు 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చాయి. బాపులపాడులో ఇల్లు కృష్ణా జిల్లాలో ఉండిపోయింది, నూజివీడు వైపున్న తోట ఏలూరు జిల్లాకి పోయింది. తుపాకీ పట్టుకుని తోటకి వెళ్లాలంటే ఇప్పుడు ఏ కలెక్టర్ని అడగాలన్నది ఆయన బెంగ. తోటలో కలెక్టరు కాయ చెట్లు నాలుగున్నాయి గానీ అవి సంతకం పెట్టవు.

తూటాలు బీరువాలో పిన్ని పట్టుచీరల పక్కన ఉంటాయి. పూర్వం కాగితం తూటాలు వానాకాలం చెమ్మకి ఉబ్బి గొట్టంలో దూరేవి కావు. ఇప్పటివి ప్లాస్టిక్‌వి, ఆ బాధ లేదు. దసరాకి ఆయుధపూజ నాడు ఒక్కోదాని ఇత్తడి అంచూ చింతపండుతో తోమి, కుంకుమబొట్టు పెట్టి, లెక్క సరిచూసి మళ్లీ లోపల పెట్టేస్తాడు. లెక్క తగ్గదు. బొట్లే పెరుగుతుంటాయి.

అయినా షూటింగ్ ఆటలో ఆయనకి చూపుంది. హైదరాబాదు కుర్రాడు కైనన్ చెనాయ్ 2016లో రియో ఒలింపిక్స్‌కి వెళ్లినప్పట్నుంచీ ట్రాప్ పోటీలు వదలకుండా చూస్తున్నాడు. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో చెనాయ్ జట్టు స్వర్ణం, సొంతంగా కాంస్యం తెచ్చిన రోజున బాబాయి టీ కొట్టులో అందరి టీలకీ తన జేబులోంచి డబ్బిచ్చాడు. కొట్టువాడు ఆ తేదీ గోడ మీద రాసుకున్నాడు. ఆ పోటీలో ఎగిరే మట్టి పళ్లెం 110 మిల్లీమీటర్లు, తూటాలో సీసం 24 గ్రాములు దాటకూడదు, పళ్లెం మననుంచి దూరంగా పారిపోతుంది కాబట్టి చోక్ బిగువుగా ఉండాలి. ఇవన్నీ ఆయన మంగలికి, గడ్డం సగం గీసి ఉండగా, తల తిప్పి తిప్పి చెప్పాడు. గడ్డం మీద గాటు కూడా ఆ రోజుదే.

ఇన్నేళ్ల ఆ పాండిత్యానికి చివరికి డాలస్ నుంచి పిలుపొచ్చింది. అన్నగారబ్బాయి అక్కడ సాఫ్ట్‌వేరు. శని, ఆదివారాలు త్రీ గన్ పోటీలకి వెళ్తాడు. రైఫిలు, పిస్తోలు, షాట్‌గన్ మూడూ పట్టుకుని, గడియారంతో పందెం వేసుకుని పరిగెడుతూ కాల్చాలి. షాట్‌గన్‌కి ఎక్కువగా ఉక్కు గురులుంటాయి. వరసగా పెట్టిన గుండ్రటి ప్లేట్లు, దెబ్బ తగిలితే వెనక్కి పడే నిలువు పాపర్లు, ఒక్క ప్లేటు రాలగానే బరువు తప్పి గిర్రున తిరగడం మొదలెట్టే అయిదు చేతుల టెక్సస్ స్టారు. ఒక పొద్దున వీడియో కాల్‌లో కుర్రాడు మొహం వేలాడేసుకుని కనిపించాడు.

‘బాబాయ్, ప్లేట్లు పడట్లేదు.’

‘ఏం చోక్ పెట్టావురా?’

‘ఫుల్. నువ్వు చెప్పిందే కదా.’

బాబాయి కొంచెం ఇబ్బందిగా కదిలాడు. ‘దూరమెంత?’

‘ప్లేట్లు పది గజాలు. చివరి పాపరు పాతిక ఉంటుంది.’

బాబాయి ఎడమ కన్ను మూసి డాలస్ చూశాడు. ‘పది గజాల్లో ఫుల్ చోక్ ఎవడు పెట్టమన్నాడు? అక్కడికి రవ్వలింకా విచ్చుకోవు, పిడికెడు ముద్దగా పోతాయి. నువ్వు ఇంత పక్కకి జరిగితే ముద్దంతా పక్కకే. ఇంప్రూవ్డ్ సిలిండరు పెట్టు.’

‘మరి పాపరు? మధ్యలో చోక్ మార్చే టైముండదు.’

‘అయితే లైట్ మాడిఫైడ్ పెట్టు. దూరపుదాన్ని బట్టి చోక్, దగ్గరదాన్ని బట్టి ఓపిక. రవ్వేది?’

‘ఎనిమిదో నంబరు, ఔన్సు.’

‘ఎనిమిదైతే ఔన్సుకి 410 రవ్వలు, ఏడున్నరైతే 350. ఎనిమిది ఎక్కువ కదా అని మురిసిపోకు. మట్టి పళ్లేనికి నాలుగు రవ్వలు తగిలి పెచ్చు లేచినా చాలు. ఉక్కు ప్లేటు పగలక్కర్లేదు, పడాలి. దానికి తోపు కావాలి. ఏడున్నర నంబరు తీసుకో. పాపరు పడకపోతే 32 గ్రాముల తూటా వెయ్యి. నడుము మీద కొట్టకు, తల మీద కొట్టు. పైన తగిలితేనే వెనక్కి వాలుతుంది.’

‘32 గ్రాములంటే భుజం దెబ్బకి రెండోది ఆలస్యమవుతుంది బాబాయ్.’

‘అందుకే పాపరు దగ్గరికొచ్చాకే వెయ్యమంటున్నా. అన్నిటికీ అదే ఎందుకు?’

కుర్రాడు నోట్ చేసుకుంటూ, ఇక్కడ ఇనుప రవ్వ తూటాలు చవగ్గా అమ్ముతున్నారు, ఓ పెట్టె కొననా అన్నాడు. బాబాయి కుర్చీలోంచి లేచాడు. ‘ఉక్కు మీద ఇనుమా? సీసమైతే తగలగానే చప్పిడై అక్కడే రాలుతుంది. ఇనుము గట్టిది, తగిలి వెనక్కొస్తుంది, నీ కంటికే. ఆ తూటాలు బాతుల కోసం పుట్టాయిరా! బురదలో పడ్డ సీసం తిని బాతులు చచ్చిపోతున్నాయని మీ అమెరికావాళ్లే 1991 నుంచి బాతుల వేటలో సీసం మానిపించారు.’ అక్కడ మాత్రం ఒక్క క్షణం ఆగాడు. తాతగారు కొల్లేట్లో ఎంత సీసం పోశారో లెక్క కట్టుకుంటున్నాడని పిన్ని నవ్వింది.

తర్వాతి వారం మెసేజీ వచ్చింది. ప్లేట్లన్నీ పడ్డాయి. గొట్టం కింది అరలోకి తూటాలు ఒక్కోటీ నెట్టుకునేసరికి టైమంతా అయిపోయి, తను మాత్రం చివరి నుంచి మూడో స్థానం. జంక్షన్‌లో బాబాయి మొదటి వాక్యం దాకా చదివి ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. రెండో వాక్యం ఊళ్లో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఆ విజయం తర్వాత ఆయనకి మనమూ ఇక్కడ ప్లేట్లు ఎందుకు పెట్టకూడదనిపించింది. జంక్షన్‌లో వెల్డింగ్ షాపులో ఎనిమిదంగుళాల ప్లేట్లు ఆరు కోయించి, కొక్కేలు వేయించి, తెల్లరంగు కొట్టించాడు. వీడియోలో చూసిన కుర్రాడు ఈసారి తనే మాస్టారయ్యాడు. ‘బాబాయ్, అది మెత్తటి ఇనుము. గుంటలు పడతాయి. గుంటలో పడిన రవ్వ పక్కకి పోదు, తిరిగి మనమీదికే వస్తుంది. ఇక్కడ గట్టిపరచిన ఉక్కే వాడతారు, కంటద్దాలు లేనిదే లోపలికి రానివ్వరు.’ పైగా అలా కాల్చుకోవాలంటే లైసెన్సున్న రేంజి ఉండాలి గానీ మామిడి తోట పనికిరాదని ఆయనకీ తెలుసు. మూడు తరాలుగా కాగితాలు సరిగ్గా ఉంచుకున్న మనిషి ఏడో తరగతి కుర్రాడిలా తప్పు చేయడు.

ప్లేట్లు పారేయలేదు. రసాల చెట్లకి వేలాడదీశారు. చిలుకల గుంపు వాలగానే కాపలా కుర్రాడు కర్రతో ఒక్కోటీ కొట్టుకుంటూ పోతాడు. ఖంగున మోగుతాయి, చిలుకలు పక్క జిల్లాలో దిగుతాయి. దూరం రెండడుగులు, తూటా ఖర్చు లేదు, ఒక్క గురీ తప్పదు.

ఊరు ఆయన్ని చూసి నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. కానీ చోక్ గురించి ఆయన చెప్పింది తప్పని ఇప్పటిదాకా ఎవరూ నిరూపించలేదు. ఆ తుపాకీ ఇంటికొచ్చిన మూడు తరాల్లో దానివల్ల మనిషికి గాయం కాలేదు, పోలీసులకి కేసు లేదు, పిన్నికి ఒక్క రాత్రి నిద్ర చెడలేదు. తుపాకీ ఉన్న మనిషికి ఇంతకన్నా మంచి స్కోరు ఏ పోటీలోనూ ఇవ్వరు.