ఏడేళ్ళ ట్యూబు

గ్రిల్ పాతబడిందంటే చూడాల్సింది మూత మీద మసీ, కమ్మీల మీద తుప్పూ కాదు. అవి గీకితే పోతాయి. గ్యాసు నడిచే దారి చూడాలి. బండకు బిగించే రెగ్యులేటరు, అక్కణ్ణుంచి నాబుల దాకా వచ్చే రబ్బరు ట్యూబు, ఆ తర్వాత బర్నర్లు. ముందు వయసు మీద పడేది వీటికే. ఈ సంగతి నాకు విడమరిచి చెప్పినవాడు మా పక్కింటి తెనాలి అబ్బాయి.

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా వీధి సగం తెలుగువాళ్ళమే. జులై 4 వచ్చిందంటే ఎవరో ఒకరి పెరట్లో గ్రిల్ వెలగాలి. 2024లో ఆ వంతు ఈ అబ్బాయిది. వాళ్ళింట్లో ఉన్న గ్రిల్ ఇల్లు అమ్మినాయన వదిలేసి వెళ్ళింది. ఒక బర్నరు సగం దాకా వెలిగి ఆగిపోయేది, ఇంకొకటి పసుప్పచ్చని మంటతో మసి కక్కేది. ఇలాంటిదాన్ని ఇక్కడ చాలామంది వీధి వారన పెట్టేసి కొత్తది కొనుక్కుంటారు. ఇతను అలా చెయ్యలేదు. పోత పోసిన అల్యూమినియం పెట్టె చెక్కుచెదరకుండా ఉంది, చెడింది లోపలి సరుకే, అది మారిస్తే ఇంకో పదేళ్ళు వస్తుందన్నాడు. వస్తువు పట్ల ఆ మాత్రం శ్రద్ధ ఉన్న కుర్రవాణ్ణి చూస్తే నాకు గౌరవం.

అప్పటికి వాళ్ళమ్మగారు తెనాలి నుంచి వచ్చి నెల దాటింది. నేను పిన్నిగారూ అని పిలుస్తాను. బాబాయిగారు రాలేదు. ఇల్లు వదిలి అన్ని నెలలు ఉండలేనని, తన అన్నం తనే వండుకుంటూ అక్కడే ఉండిపోయారు.

శనివారం పొద్దున్నే పని మొదలైంది. నేను పానా అందించే మనిషిని. పిన్నిగారు కుర్చీ తెచ్చుకుని చెట్టు నీడలో కూర్చున్నారు. ముందు ఉన్న ట్యూబుని పరీక్ష చేద్దామన్నాడు. గిన్నెలు తోమే సబ్బునీ నీళ్ళనీ సగం సగం కలిపి, నాబులన్నీ మూసి ఉంచి, బండ టాపు తిప్పి, బ్రష్షుతో ట్యూబు పొడుగునా నురగ పూశాడు. ఎక్కడైనా కారుతుంటే అక్కడ బుడగ పొంగుతుంది. ఒక్క బుడగా రాలేదు.

"కారట్లేదుగా నాన్నా, మరెందుకు తీసెయ్యడం?" అన్నారు పిన్నిగారు.

"ఇవాళ కారట్లేదమ్మా. రేపటికి పూచీ ఎవరు?"

బండ కట్టేసి, ట్యూబు ఊడదీసి, రెండు చేతులతో వంచి చూపించాడు. తిన్నగా ఉన్నప్పుడు నున్నగా కనిపించిన రబ్బరు, వంచేసరికి ఎండిన చెరువులా నెర్రెలిచ్చింది. ఎండ, వేడి, పైనుంచి కారే నూనె జిడ్డు, ఆ జిడ్డు కోసం వచ్చి కొరికే ఎలకలు, రబ్బరుకి ఇంతమంది శత్రువులు.

"రెగ్యులేటరు మీద చూడు, 2017 అని గుద్ది ఉంది. ట్యూబూ అదీ కలిపే అమ్ముతారు. అంటే దీనికి ఏడేళ్ళు."

"ఏడేళ్ళకే పనికిరాదా?"

"ఏడేళ్ళంటే మాటలా అమ్మా! మన దగ్గర సురక్ష ట్యూబుకి ఐదేళ్ళే. తయారైన సంవత్సరం ట్యూబు మీదే అచ్చు వేస్తారు. ఐదు దాటిందంటే కారినా కారకపోయినా తీసి అవతల పడెయ్యాల్సిందే. ఇందులో మొహమాటం లేదు."

చెబుతూంటే అతని గొంతులో నిజమైన ఆదుర్దా ఉంది. పిల్లలు ఆడుకునే పెరడు అది. "ఇది ఆరుబయట కాబట్టి సరిపోయింది. ఈ గ్యాసు గాలికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. పైకి పోదు. నేలబారున పాకుతూ వెళ్ళి మూలల్లో పేరుకుంటుంది. ఇదే నాలుగు గోడల మధ్య కారిందనుకో, లైటు స్విచ్చి వేసినా చాలు" అన్నాడు.

పిన్నిగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు. "మన గ్యాసూ ఇదీ ఒకటేనా?"

"ఇది ఉత్త ప్రొపేన్. మనదాంట్లో బ్యూటేన్ కూడా కలుస్తుంది. కానీ రెగ్యులేటరు దాటాక ఒత్తిడి రెండిట్లోనూ ఇంచుమించు ఒకటే. నీటి మట్టం లెక్కన ఇక్కడ 11 అంగుళాలు, అంటే 280 మిల్లీమీటర్లు. మన దగ్గర 300 దాకా ఉంటుంది."

"పెద్ద తేడా లేదన్నమాట" అంటూ ఆవిడ లేచి వచ్చి, కింద పడున్న ట్యూబుని జానలతో కొలిచారు. మూడు మూరలు తేలింది. "మా అమ్మకి అన్నీ తెలుసుకోవాలని ఉంటుంది" అని మురిసిపోయాడు కొడుకు.

తర్వాత బర్నర్లు. నేను ఎన్నడూ వినని సంగతి అక్కడ చూశాను. బర్నరు గొట్టం లోపల సాలీడు గూడు కట్టుకుని ఉంది. ప్రొపేన్ గ్రిల్‌లలో ఇది మామూలేనట. ఆ గూడు గ్యాసు దారికి అడ్డం పడితే, ముందుకు పోవాల్సిన గ్యాసు వెనక్కి తన్ని నాబుల కింద మంట లేస్తుంది. గొట్టాలకు తుప్పు పట్టి, రంధ్రానికీ రంధ్రానికీ మధ్య రేకు తినేసి, రెండేసి కలిసిపోయాయి కూడా. అన్నీ తీసేసి కొత్త స్టీలు గొట్టాలు పెట్టాడు. ఒక్కొక్కదాని మూతి వాల్వు దగ్గరి ఇత్తడి జెట్టు మీద సరిగ్గా కూర్చుందో లేదో వంగి, టార్చి వేసి మరీ చూశాడు. కొత్త రెగ్యులేటరు నల్ల మర చేత్తోనే బిగించాలి, పానా పెట్టకూడదని నాకు గట్టిగా చెప్పాడు. మళ్ళీ సబ్బు నురగ, మళ్ళీ ప్రతి అతుకూ.

ఇంతా చేసి వెలిగిస్తే మంట గోరంత! మా ఇద్దరి మొహాలూ వాడిపోయాయి. కారణం రెగ్యులేటరు పాడవడం కాదు, అది తన పని తాను చెయ్యడమే. నాబులు తెరిచి ఉండగా బండ టాపు ఒక్కసారిగా తిప్పేస్తే, గ్యాసు ఉరకడం చూసి ఎక్కడో ట్యూబు తెగిందనుకుని, రెగ్యులేటరు మూతిలో ఉన్న రక్షణ ఏర్పాటు ధార తగ్గించేస్తుంది. అన్నీ కట్టేసి, రెగ్యులేటరు ఊడదీసి, కాసేపు ఆగి, మళ్ళీ బిగించి, నాబులన్నీ మూసి బండ టాపు మెల్లగా తిప్పాలి. అలా చేశాం. ఈసారి బర్నరు ఈ చివర్నుంచి ఆ చివరి దాకా నీలంగా అంటుకుంది. కొత్త గ్రిల్ కొంటే అయ్యే దాంట్లో నాలుగోవంతు కూడా ఖర్చు కాలేదు.

జులై 4 సాయంత్రం ఆ పెరట్లో మొక్కజొన్న పొత్తులూ కోడి ముక్కలూ కాలాయి. వచ్చినవాళ్ళందరికీ అతను ట్యూబు సంగతి చెప్పాడు. ఇంటికెళ్ళి మీ గ్రిల్ ట్యూబు వంచి చూసుకోండి, తేదీ చూసుకోండి అని ఒక్కొక్కరినీ పట్టుకుని చెప్పాడు. అలా చెప్పే మనిషి ప్రతి వీధికీ ఒకరు ఉండాలి. మేమూ చూసుకున్నాం. మాదీ మార్చుకున్నాం.

అక్టోబరులో పిన్నిగారి తిరుగు ప్రయాణం. ఎయిర్‌పోర్టుకి నా కారులోనే వెళ్దామని వాళ్ళింటికి వెళ్ళాను. హాల్లో సూట్‌కేసులు తూస్తున్నాడు. మనిషికి రెండు, ఒక్కోటి 23 కిలోలు. ఒకటి సరిపోయింది. రెండోది కిలో పైచిలుకు ఎక్కువ తూగింది. ఏదో ఒకటి తీసేద్దాం అని తెరిచాడు. మనవరాలి ఫొటోలు, బాదం పప్పులు, ఊళ్ళోవాళ్ళకి చాక్లెట్లు. వాటికింద పాత తువ్వాల్లో చుట్టి ఏదో బరువుగా తగిలింది. విప్పి చూస్తే ఆ ట్యూబు. సబ్బుపొడితో కడిగి, జిడ్డంతా వదిలించి, శుభ్రంగా తుడిచి, చుట్టలా చుట్టి రెండుచోట్ల దారం కట్టి ఉంది.

"అమ్మా! ఇది చెత్తడబ్బాలో వేశాను కదా!"

"పారేసిందే కదా అని తీసి దాచాన్రా."

"దేనికి? నెర్రెలిచ్చిందని వంచి మరీ చూపించాను. ఏడేళ్ళ ట్యూబుని ఎవరైనా వాడతారా? పైగా దీని మరలు అక్కడి స్టవ్వుకి పట్టవు కూడా."

"అయ్యో, పట్టవా?" ఆవిడ మొహం చిన్నబోయింది. "నువ్వు ఆ వేళ సంవత్సరం ట్యూబు మీదే ఉంటుందన్నావు కదా. ఆ రాత్రే మీ నాన్నకి ఫోన్ చేసి మన వంటింట్లోది చూడమన్నాను. 2011 అని ఉందట. నువ్వు ఇక్కడికి బయల్దేరే ముందు వేసి వచ్చిందే. బండ తెచ్చే అబ్బాయి వచ్చినప్పుడల్లా మార్చుకోండమ్మా అంటాడు. మా అబ్బాయి వచ్చి మారుస్తాడులే అంటాను. వచ్చినప్పుడల్లా నీకు తిరుగుళ్ళతోనే సరిపోయె. మీ నాన్న ఇప్పటికీ దానిమీదే వండుకుంటున్నారు. దానికంటే ఇది ఆరేళ్ళు కొత్తది కదరా."