నాలుగు రాళ్లు వెనకేసుకున్నారు

‘నాలుగు రాళ్లు వెనకేసుకోవడం’ అన్న మాటను పుట్టించిన తెలుగువాడెవడో గానీ, వాడికి హైతీ సంగతి ముందే తెలిసి ఉండాలి.

2010 జనవరి 12, సాయంత్రం 4 గంటల 53 నిమిషాలు. భూకంప తీవ్రత 7.0. ఇసుక ఎక్కువ, సిమెంటు తక్కువ, చువ్వలు ఇంకా తక్కువ వేసి కట్టిన హైతీ రాజధాని పోర్టో ప్రిన్స్ నగరపు స్లాబులు నిమిషం తిరక్కుండా అప్పడాల దొంతరలా ఒకదాని మీదొకటి పడ్డాయి. 15 లక్షల మంది గుడారాల పాలయ్యారు. చచ్చిపోయిన మనుషులెందరో ఈనాటికీ ఎవరి లెక్క వారిదే. రాళ్ల లెక్క మాత్రం తేలింది: కోటి ఘనపు మీటర్లు అంది ఐక్యరాజ్యసమితి. తేలక ఏం చేస్తుంది? మనిషికి రేటు కట్టలేం గానీ ఘనపు మీటరుకు కట్టొచ్చు కదా. మన ఊళ్లో తిరిగే చిన్న టిప్పరులో ఐదు ఘనపు మీటర్లు పడతాయనుకుంటే 20 లక్షల ట్రిప్పులు. కాంట్రాక్టరనేవాడికి ఇంతకంటే కమ్మని కల ఉంటుందా?

దానికి తోడు ఒక మంచి ఆలోచన కూడా వచ్చింది. నిజంగానే మంచిది, వెక్కిరింపు కాదు. శిథిలాలను ఊరివాళ్ల చేతనే ఎత్తిద్దాం, దారులూ తెరుచుకుంటాయి, ఇల్లూ వాకిలీ పోయినవాళ్ల చేతిలో నాలుగు డబ్బులూ ఆడతాయి అన్నారు. మన తాతలు కరువు పని అన్నదీ, మనం ఉపాధి హామీ అంటున్నదీ ఇదే. దాతలు దానికి ‘క్యాష్ ఫర్ వర్క్’ అని నామకరణం చేశారు. ఫోర్ట్ నాసియోనాల్, కార్ఫూర్ ఫై లాంటి కొండవాలు పేటల్లో లారీ దూరే సందే లేదు. అక్కడ పనికొచ్చేవి సుత్తి, పార, తట్ట, వాటిని మోసే మనిషి మాత్రమే. కనుక ఆడా మగా వరసలు కట్టారు. రంగు చొక్కాలిచ్చారు, టోపీలిచ్చారు, ఫొటోలు తీశారు. కొన్ని వారాలయ్యాక ఆ చేతిలో పార ఇంకో చేతికి, ఆ వంతు ఇంకొకరికి.

కూలి రోజుకు 200 గూర్డులు. ఆనాటి లెక్కలో ఐదు డాలర్లు, ఆ దేశపు కనీస వేతనం. అంతకంటే ఎక్కువిస్తే కూలి మార్కెట్ చెడిపోతుందట! ఇలాంటి పథకాల మార్గదర్శకాలు తిరగేయండి, ఈ బెంగ కనిపిస్తుంది. పాపం మార్కెట్, ఎంత సుకుమారమో. తట్ట మోసే తల్లికి ఇంకో 50 గూర్డులు ఇస్తే దానికి జ్వరమొస్తుంది.

ఇంకో లెక్కకు మాత్రం ఆ మార్కెట్‌కు తుమ్ము కూడా రాలేదు. భూకంపం వచ్చిన కొత్తలో అమెరికా సహాయాన్ని అక్కడ సమన్వయం చేసిన ఒక మాజీ రాయబారి, ఉద్యోగం వదిలాక శిథిలాల కాంట్రాక్టులు వెతికే ఒక కంపెనీల కూటమికి సలహాదారయ్యారు. నెలకు 30,000 డాలర్ల ఒప్పందం. రావలసింది రాలేదని దాదాపు 5 లక్షల డాలర్లకు కోర్టులో దావా కూడా వేశారు. ఒప్పందం ఒప్పందమే, దావా వేసే హక్కు ఎవరికైనా ఉంటుంది. నేను చేసేది కూడిక, తీసివేత మాత్రమే. ఆయన ఒక్క నెల సలహా, తట్ట మోసే తల్లికి 6,000 రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పని దొరికినా (దొరకదు) 20 ఏళ్లు మొయ్యాలి.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు. వాడు అమాయకుడు. నిప్పు అడిగి ఊరుకున్నాడు, మంటల నిర్వహణపై సలహా ఇచ్చానని బిల్లు పెట్టలేదు.

పోనీ, పనైనా దొరికిందా? 2010 సెప్టెంబరులో అమెరికా సహాయ సంస్థ యుఎస్‌ఎయిడ్ సొంత ఆడిటర్లే చెప్పారు: రోజుకు 25,000 మందికి పని అనుకున్నచోట, పథకం నడిపిన రెండు కంపెనీలు పెట్టుకున్నది దాదాపు 8,000 మందిని. డబ్బు యంత్రాల వైపు మళ్లడం ఒక కారణం. సరే, యంత్రాలు కదా, చకచకా ఎత్తేసి ఉంటాయనుకుంటాం. ఏడాది తిరిగేసరికి తొలగినవి 5 శాతం అని సేవాసంస్థ ఆక్స్‌ఫామ్ లెక్క తేల్చింది. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు మనవాళ్లు. ఇక్కడ కొండ కొండలాగే ఉంది, ఎలుకలే విమానాల్లో దిగాయి.

అడ్డంకులు లేవనను. రాళ్ల కింద శవాలున్నాయి. ఏ గోడ ఎవరిదో చెప్పే కాగితాలు ఆ గోడల కిందే ఉన్నాయి. పడేసే చోటు చూస్తే ఊరి బయట త్రుయిటియే డంపింగ్ యార్డు. కానీ డబ్బుకు ఈ అడ్డంకులేవీ తగలలేదు, అది వచ్చిన దారినే చక్కా ఇంటికి చేరింది. మొదటి ఏడాది అమెరికా ఇచ్చిన కాంట్రాక్టుల్లో ప్రతి 100 డాలర్లకు హైతీ కంపెనీలకు దక్కింది 1 డాలరు 60 సెంట్లని అసోసియేటెడ్ ప్రెస్ లెక్కగట్టింది. ‘స్థానికులకే పని’ అన్నారు కదా, మాట తప్పలేదు. ఎక్కడి స్థానికులో మనమే సరిగా అడగలేదు.

పునర్నిర్మాణానికి ఒక కమిషన్ కూడా ఉండేది. సహాధ్యక్షుల్లో ఒకరు బిల్ క్లింటన్. 2010 డిసెంబరులో దాని సమావేశం పక్క దేశంలో, శాంటో డొమింగోలో పెట్టారు. తమను ముద్రలేసే బొమ్మల్ని చేశారని కమిషన్‌లోని హైతీ సభ్యులే అక్కడ లేఖ రాసిచ్చారు. మరుసటి ఏడాది అక్టోబరులో కమిషన్ గడువు తీరింది. శిథిలాలకు గడువు లేదు, అవి అప్పటికింకా ఉన్నాయి.

గుమ్మటాలు కూలిన అధ్యక్ష భవనం కూడా 2012 దాకా అలాగే ఒరిగి ఉంది. చివరికి దాన్ని పడగొట్టి ఎత్తేసింది హాలీవుడ్ నటుడు షాన్ పెన్ పెట్టిన సంస్థ. సినిమావాళ్లు అధికార భవనాల్లోకి నడిచి వెళ్లడం మనకు తెలుసు. అలాంటిదాన్ని కూల్చి శుభ్రం చేసిపెట్టిన నటుణ్ణి చూడాలంటే హైతీ వెళ్లాలి. ఆయన్ను తక్కువ చెయ్యను, గుడారం వేసుకుని నిలబడి పనిచేశాడు. నాకు అర్థం కానిదల్లా, వందల కోట్ల డాలర్ల వాగ్దానాలు చేసిన ప్రభుత్వాలు చెయ్యని పని ఒక నటుడి దాకా ఎలా వచ్చిందన్నదే.

ఈ టెండర్లు, ఆడిట్లు, కమిషన్లు ఏవీ మొదలవకముందే ఆ వీధుల్లో ఒక పని మొదలైంది. కూలిన స్లాబును సుత్తితో పగలగొట్టి లోపలి చువ్వను బయటికి లాగేవారు. వంకర తిరిగిన ఆ చువ్వను రాతి మీద పెట్టి, ఒకరు పట్టుకుంటే ఒకరు కొట్టి, తిన్నగా సాగదీసేవారు. అమ్ముకునేవారు, లేదా దాంతోనే మళ్లీ ఇల్లు కట్టుకునేవారు. రంగు చొక్కా లేదు, టోపీ లేదు. ఆ పనికి ఎవరూ సలహాదారును పెట్టినట్టు లేరు.